పలుకు దిద్దే చదువు: బడిలో కొలువు, దూరాన గురువు

వాక్-భాషా చికిత్స అనే శాస్త్రాన్ని తెలుగునాట అందరూ స్పీచ్ థెరపీ అనే పిలుస్తారు. ఆ పేరు వినగానే మాటలు రాని పసిబిడ్డో, నత్తి ఉన్న కుర్రవాడో గుర్తుకు రావడం సహజమే గాని, దాని పరిధి అంతకంటె చాలా విశాలమైనది. అక్షరాలు స్పష్టంగా పలకలేకపోవడం, మాట ధారగా సాగక తడబడడం, గొంతు బొంగురుపోవడం, విన్నది అర్థం కాకపోవడం, అర్థమైనా చెప్పదలచినదాన్ని వాక్యంగా కూర్చుకోలేకపోవడం, పక్షవాతం వచ్చాక మాట పడిపోవడం, చివరకు మెతుకు మింగుడు పడకపోవడం కూడా ఈ శాస్త్రం కిందికే వస్తాయి. మాటకూ మింగడానికీ పనిచేసే నోరు, నాలుక, గొంతు ఒకటే కావడం ఇందుకు కారణం. భారతదేశంలో నాలుగేళ్ళ బ్యాచిలర్స్ పట్టాతో ఈ వృత్తిలోకి రావచ్చు, మాస్టర్స్ దానిపై మెట్టు. అమెరికాలో మాస్టర్స్ లేనిదే పూర్తిస్థాయి వృత్తి గుర్తింపు రాదు. బడిలో ఉద్యోగం వదలకుండా, ఊరు విడవకుండా, ఆ మాస్టర్స్ పట్టాను దూరవిద్యలో సంపాదించడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు ఒక్కొక్క దేశం ఒక్కొక్క జవాబు చెబుతుంది. నెల్లూరు తీరాన ఉన్న అల్లూరు వంటి మండల కేంద్రం నుంచి చూసినప్పుడు ఆ జవాబుల మధ్య ఎడం ఎంతో తెలుస్తుంది.

అల్లూరు మండలంలో వరిచేలూ రొయ్యల గుంటలూ పక్కపక్కనే ఉంటాయి. ఇస్కపల్లి వైపు వెళ్తే ఉప్పు మడులు, సముద్రపు ఒడ్డున వేటకు వెళ్ళేవారి పాళేలు కనిపిస్తాయి. ఇటువంటి ఊళ్ళలో బిడ్డకు మాట ఆలస్యమైతే వస కొమ్మును సాన మీద అరగదీసి నాలుకకు రాయడం పాత అలవాటు. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం ఆ అలవాటు నుంచి పుట్టినదే. బిడ్డ మాట కోసం కుటుంబమంతా ఎంతగా ఎదురుచూస్తుందో ఆ ఒక్క పదం చెబుతుంది. అయితే ఆ ఎదురుచూపుతో పాటు మరొక నమ్మకం కూడా ఇళ్ళలో ఉంది: వాళ్ళ నాయనకూ అయిదేళ్ళకు గాని మాటలు రాలేదు, వీడికీ వస్తాయిలే అన్నది. కొందరు పిల్లల విషయంలో అది నిజమే అవుతుంది. వినికిడి లోపం ఉన్న బిడ్డ విషయంలో మాత్రం ఆ ఓపిక చాలా నష్టం చేస్తుంది, ఎందుకంటే భాషను అతి సులువుగా పట్టుకునే మొదటి మూడేళ్ళు అందులోనే గడిచిపోతాయి, బడిలో పేరు రాయించే నాటికి ఆ బిడ్డ కొన్ని వేల మాటలు వినకుండా పోగొట్టుకుని ఉంటుంది.

అందువల్ల ఊళ్ళో ఆ లోపాన్ని మొదట గుర్తించేది తరచుగా బడే. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర శిక్ష కింద మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు నడుస్తాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠం చెప్పడం, బడికి సిద్ధం చేయడం, ఇంటి నుంచి కదలలేని పిల్లల దగ్గరకు వెళ్ళి రావడం వాటి పని. అక్కడ పనిచేసేవారిని ఐఈఆర్టీలు, అంటే సమ్మిళిత విద్యా రిసోర్స్ టీచర్లు అంటారు. వీరి చదువు ప్రత్యేక విద్యలో బీఈడీ గాని డీఈడీ గాని అయివుంటుంది. అది బోధనలో శిక్షణే తప్ప వాక్ చికిత్సలో శిక్షణ కాదు. అయినా తల్లి బిడ్డను తీసుకువచ్చి ‘మేడమ్, వీడికి మాటలొస్తాయా’ అని అడిగేది ఆ టీచర్నే. ఆ ప్రశ్నకు బాధ్యతగా జవాబు చెప్పగల శిక్షణ ఆమెకు అందుబాటులో ఉండాలన్నదే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

చట్టం ఏమంటున్నదో ఇక్కడ కొంత వివరంగా చూడడం అవసరం. 2011 జనాభా లెక్కల్లో మాట లోపం ఉన్నవారిగా నమోదైనవారు దేశం మొత్తం మీద దాదాపు 20 లక్షల మంది, వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, వాటిలో వాక్-భాషా వైకల్యాన్ని విడిగా చేర్చింది. కాని ఆ నిర్వచనం చాలా ఇరుకైనది: స్వరపేటిక తొలగించడం వల్లనో, మెదడు దెబ్బతిని మాట పడిపోవడం వల్లనో, శారీరకమైన లేదా నాడీ సంబంధమైన కారణంతో శాశ్వతంగా ఏర్పడినదే అందులోకి వస్తుంది. బడిలో నిత్యం కనిపించే ముద్దమాటల పిల్లవాడు, అక్షరాలు తారుమారు చేసే పిల్ల, ఏ శారీరక కారణమూ తేలకపోతే, వైకల్య సర్టిఫికెట్ దగ్గరకే రారు. వాళ్ళకు పింఛను అక్కరలేదు, కొన్ని నెలల సరైన సాధన చాలు. సర్టిఫికెట్ చుట్టూ అల్లిన వ్యవస్థలో ఆ సాధన ఇచ్చే మనిషికి మాత్రం చోటు దొరకడం లేదు. ఇది చిన్న లోటుగా భావించదగినది కాదు.

వృత్తిని నియంత్రించేది 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం. ఆడియాలజిస్టులు, అంటే వినికిడిని పరీక్షించే నిపుణులూ, స్పీచ్ థెరపిస్టులూ ఈ మండలి కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. నమోదు లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని ఆ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. నమోదుకు దారి బీఏఎస్ఎల్‌పీ, అంటే వినికిడి, వాక్-భాషా చికిత్సల్లో నాలుగేళ్ళ బ్యాచిలర్స్ కోర్సు. అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్, అంటే రోగుల మధ్య గడిపే ఆచరణ శిక్షణ. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివినవారికే అందులో ప్రవేశం. మాస్టర్స్ కోర్సుకు ఆ బ్యాచిలర్స్ పట్టా తప్పనిసరి, అదీ రెండేళ్ళు క్లాసులకు హాజరై చదవవలసిందే. కాబట్టి తెలుగో, సాంఘికమో డిగ్రీలో చదివి, ఆపైన ప్రత్యేక బీఈడీ చేసి, పదేళ్ళుగా భవిత కేంద్రంలో పనిచేస్తున్న టీచరు వాక్ చికిత్సలో మాస్టర్స్ చేయాలనుకుంటే, మొదట ఉద్యోగం మాని, సైన్సు లేనందున మళ్ళీ ఇంటర్ దగ్గర నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. పిల్లలతో గడిపిన ఆ పదేళ్ళు లెక్కలోకి రావు. యూజీసీ కూడా 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీతో సహా ఆరోగ్య, అనుబంధ ఆరోగ్య కోర్సులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపరాదని విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. చేతితో నేర్చుకోవలసిన విద్యను కాగితం మీద అమ్ముకునే సంస్థలను అరికట్టడం ఆ ఆదేశం ఉద్దేశమైతే దాన్ని తప్పుపట్టలేము. అయితే మంచి దూరశిక్షణకు కూడా అదే తలుపు మూసుకుపోతుందన్న సంగతి మరచిపోరాదు.

ఇదే కోరికతో అమెరికాలో ఒక బడి ఉద్యోగి బయలుదేరితే దారి వేరుగా ఉంటుంది. అక్కడ వికలాంగ బాలలందరికీ ప్రభుత్వ బడిలో ఉచితంగా తగిన విద్య ఇవ్వాలన్న చట్టం 1975లో వచ్చింది. 1990లో దానికి ఐడియా అనే పేరు పెట్టారు. అవసరమైన ప్రతి పిల్లవాడికీ ఒక వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలనీ, అందులో వాక్ చికిత్స అవసరమని తేలితే ఆ ఖర్చు బడిదేననీ అది నిర్దేశించింది. దానితో బడి ఆ వృత్తికి ముఖ్యమైన కొలువైంది. నేడు అక్కడి వాక్-భాషా నిపుణుల్లో సుమారు సగం మంది విద్యాసంస్థల్లోనే పనిచేస్తున్నారు. నిపుణుల కింద సహాయకులు ఉంటారు. వారు నిపుణుడు రాసిచ్చిన సాధనను పిల్లలతో చేయిస్తారు గాని లోపాన్ని నిర్ధారించే అధికారం వారికి లేదు. బడిలో సహాయకుడిగానో, సహాయ ఉపాధ్యాయుడిగానో ఉంటూ నిపుణుడు కావాలనుకునేవారి కోసం దూరవిద్యలో మాస్టర్స్ కోర్సులు పుట్టాయి. డాలస్ పక్కనే డెంటన్‌లో ఉన్న టెక్సాస్ ఉమన్స్ యూనివర్సిటీ, ఈస్ట్ కెరొలైనా యూనివర్సిటీ, ఫ్లోరిడాలోని నోవా సౌత్‌ఈస్టర్న్, న్యూయార్క్ యూనివర్సిటీ, బోస్టన్‌లోని ఎమర్సన్ కాలేజీ వంటివి ఈ పద్ధతిలో కోర్సులు నడిపిన సంస్థలు. డిగ్రీలో వేరే విషయం చదివినవారు ముందుగా ధ్వనిశాస్త్రం, మాటకు పనిచేసే అవయవాల నిర్మాణం, పిల్లల్లో భాష పెరిగే తీరు వంటి పునాది పాఠాలు పూర్తిచేసి మాస్టర్స్‌లో చేరవచ్చు. అల్లూరు టీచరుకు లేనిది ఈ నిచ్చెనే.

దూరవిద్య అన్నమాటను బట్టి ఆ చదువు ఇంట్లో కూర్చుని తేలికగా ముగించేదని అనుకోకూడదు. అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్, అనగా 1925లో ఏర్పడిన ఆ దేశపు వృత్తి సంఘం, ధ్రువపత్రం ఇవ్వడానికి 400 గంటల పర్యవేక్షిత ఆచరణను కోరుతుంది. వాటిలో 25 గంటలు నిపుణుల పనిని చూడడానికి, 375 గంటలు విద్యార్థి స్వయంగా రోగులతో పనిచేయడానికి. కంప్యూటరు మీద కృత్రిమ రోగులతో చేసే అభ్యాసాన్ని 75 గంటలకు మించి లెక్కించరు. ప్రతి రోగితో విద్యార్థి గడిపే సమయంలో కనీసం నాలుగో వంతు పర్యవేక్షకుడు చూసి తీరాలి, ఆ పర్యవేక్షకుడు ధ్రువపత్రం పొంది కనీసం తొమ్మిది నెలలు పూర్తికాలం పనిచేసినవాడై ఉండాలి. పట్టా వచ్చిన తరువాత కూడా కనీసం 36 వారాలు, 1,260 గంటలు సీనియరు మార్గదర్శనంలో పనిచేసి, జాతీయ పరీక్ష నెగ్గితే గాని ధ్రువపత్రం చేతికి రాదు. కోవిడ్ కాలంలో పర్యవేక్షకుడు వీడియోలో చూడడాన్ని అనుమతించారు. బడి ఉద్యోగులకు అది పెద్ద వెసులుబాటయింది.

ఇంత చేసినా బడి ఉద్యోగికి ఒక చిక్కు తప్పదు. తన బడిలోనే చేసిన పని, అర్హుడైన పర్యవేక్షకుడు దొరికితే, ఆచరణ గంటలుగా చెల్లవచ్చు. కాని శిక్షణ అన్ని వయసులవారితోనూ, పలు రకాల లోపాలతోనూ జరగాలన్నది నియమం. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్ళూ, నీళ్ళు తాగితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయే రోగులూ బడిలో ఉండరు గదా. వారి కోసం కనీసం ఒక విడత ఆసుపత్రిలో గడపాలి, అదీ పగటి వేళల్లో, అంటే బడి జరిగే వేళల్లోనే. పాఠాలు సాయంత్రం వినగలిగినవారు కూడా ఈ చోట తట్టుకోలేక, జీతం లేని సెలవు పెట్టడమో, చదువు ఒక ఏడాది పొడిగించడమో చేస్తారు. పని చేసుకుంటూ చదవడం అన్న మాట ఈ ఆసుపత్రి విడత దగ్గరే పరీక్షకు నిలుస్తుంది.

దూరశిక్షణలో తీగ మీద ఏది ప్రయాణిస్తుంది, ఏది ప్రయాణించదు అన్నది తెలుగు పిల్లవాడి నోటితోనే చూడవచ్చు. ‘క’ పలకాలంటే నాలుక వెనుక భాగం పైకి లేచి మెత్తటి అంగిలిని తాకాలి. ‘త’ పలకాలంటే నాలుక కొన ముందుపళ్ళ వెనుక ఆనాలి. మూడేళ్ళ బిడ్డ కాకిని ‘తాతి’ అంటే ఇంటిల్లిపాదీ ముద్దు చేస్తారు, అది సహజమే. నాలుగేళ్ళు బాగా దాటిన తరువాత కూడా కోటను తోట అనీ, కోకను తోక అనీ, కలను తల అనీ అంటుంటే అక్కడ సాయం అవసరం. నిపుణుడు మొదట వినికిడిని పరీక్షింపజేస్తాడు. తరువాత కోట బొమ్మా తోట బొమ్మా ముందుంచి, తాను ఒక మాట అంటే పిల్లవాడు ఏ బొమ్మను చూపుతాడో గమనిస్తాడు. తేడా వినగలిగినవాడే తేడా పలకగలడు. వినడం కుదిరాక, పిల్లవాడి తల కాస్త వెనక్కి వాల్చి, గొంతులో గుక్కెడు నీళ్ళు నిలిపి గళగళలాడించమంటాడు, లేదా శుభ్రమైన చెంచాతో నాలుక కొనను కిందికి అదిమిపట్టి ‘త’ అనమంటాడు. కొన లేవలేదు కాబట్టి నాలుక వెనుక భాగం లేస్తుంది, ‘త’ అనబోయిన నోట ‘క’ వస్తుంది. ఆ క్షణంలో పిల్లవాడి ముఖం చూడదగినది. తరువాత చెంచా తీసేసి క, కా, కి అనిపించి, కాలు, మేక, కుక్క అనే మాటల్లోకీ, వాటి నుంచి వాక్యంలోకీ, చివరకు తోటిపిల్లలతో ఆటలోకీ ఆ శబ్దాన్ని నడిపించాలి. కష్టమైన భాగం ఈ చివరిదే, అది వారాలు పడుతుంది.

ఈ వరుసలో సిద్ధాంతమంతా వీడియోలో చెప్పవచ్చు. బొమ్మలతో వినికిడి తేడా పరీక్షించడాన్ని దూరాన ఉన్న గురువు తెర మీద చూడవచ్చు, శిష్యుడు ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ పిల్లవాడికి జవాబు తానే అందించాడో చెప్పవచ్చు. చెంచా మీద ఎంత బరువు వేయాలో మాత్రం చేతిని పట్టుకుని చూపవలసిన విద్య. శబ్దం విషయంలో మరొక ఇబ్బంది ఉంది. పాత తరహా టెలిఫోను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జుల మధ్య ధ్వనినే మోస్తుంది, అంటే సెకనుకు అన్నిసార్లు కంపించే ధ్వనిని. ‘స’ శబ్దంలోని ఈల వంటి బుస చాలావరకు 4,000 హెర్ట్జులకు పైనే ఉంటుంది. అందువల్ల ఫోనులో పిల్లవాడు ‘స’ సరిగ్గా అన్నాడా లేదా అన్నది ఎంత అనుభవమున్న చెవికైనా తేలదు. వీడియో కాల్స్‌లో పరిస్థితి మెరుగే అయినా, సిగ్నలు బలహీనపడినప్పుడు మొదట చెడేది ఇటువంటి సన్నని శబ్దాలే. మంచి మైకుతో అక్కడే రికార్డు చేసి తరువాత పంపడం ఇందుకు సరళమైన ఉపాయం.

గురువు దూరాన ఉంటే వచ్చే మరొక ప్రమాదం గురించి శాస్త్రగ్రంథాలు చెప్పినంతగా మన ఊళ్ళలో చర్చ జరగలేదు. అది యాసను లోపంగా పొరబడడం. నెల్లూరు సీమలో శనగలను సెనగలు అనడం లోపం కాదు, ఇంటి మాట. నెల్లూరు తీరంలో చేపల వేట వృత్తిగా గల పట్టపువారి ఇళ్ళలో తమిళానికి దగ్గరగా ఉండే మాట వినిపిస్తుంది. ఎరుకలవారికి తమదైన భాష ఉంది. ఆ ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లవాడు బడి తెలుగులో తడుముకుంటే, ఇంటి భాషలోనూ అలాగే తడుముకుంటున్నాడా అని ముందు తెలుసుకోవాలి. ఇంటి భాషలో చక్కగా మాట్లాడే పిల్లవాడికి కావలసినది చికిత్స కాదు, రెండో భాష నేర్పే ఓపికగల టీచరు. అమెరికా చట్టం కూడా పిల్లవాడిని అతని సొంత భాషలో పరీక్షించాలని కోరుతుంది, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న తెలుగు పిల్లల విషయంలో ఆ నియమం తెలుగు తెలిసిన నిపుణులను వెతికిస్తుంది. అల్లూరులో పుట్టి పెరిగిన టీచరుకు ఈ తేడా చెవిలోనే ఉంటుంది. ఏ విశ్వవిద్యాలయమూ రెండేళ్ళలో నేర్పలేని ఈ జ్ఞానం ఉన్న మనిషిని, సైన్సు గ్రూపు చదవలేదన్న కారణంగా వృత్తి బయట నిలబెట్టడం సమంజసం కాదు.

అమెరికా ఆన్‌లైన్ కోర్సులో ఇక్కడి నుంచే చేరిపోతే సరిపోదా అన్న ఆలోచన కొందరికి వస్తుంది. ఆ 400 గంటలకు అమెరికా ధ్రువపత్రం ఉన్న పర్యవేక్షకుడు కావాలి, ఆ పట్టాతో భారత పునరావాస రిజిస్టరులో పేరు దానంతటదే ఎక్కదు. డబ్బు కట్టేముందు ఈ రెండు సంగతులూ తేల్చుకోవాలి.

అయితే మనదేశంలో ఇందుకు పునాది లేకపోలేదు. 1965లో ఏర్పడిన మైసూరు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, డీహెచ్ఎల్ఎస్ అనే వినికిడి, భాష, వాక్కుల ఏడాది డిప్లొమాను 2007-08 నుంచి పాక్షిక దూరవిద్యలో నడిపింది: పాఠం మైసూరు నుంచి వీడియోలో ప్రత్యక్షంగా సాగేది, విద్యార్థులు పుదుచ్చేరి జిప్మెర్ వంటి అధ్యయన కేంద్రాల్లో కూర్చుని వినేవారు, ఆచరణ అక్కడి నిపుణుల చేతికింద చేసేవారు. సహాయకులను తయారుచేసే చదువే అయినా, తీగ మీద పంపవలసినదీ చేతితో నేర్పవలసినదీ ఏవో అది సరిగ్గా విడదీసింది. హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రత్యేక బీఈడీని పునరావాస మండలి ఆమోదంతోనే దూరవిద్యలో నడిపింది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో వాక్, శ్రవణ వైకల్యాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ, మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థా ఇరుగుపొరుగున ఉన్నాయి. మైసూరు పాఠం, సికింద్రాబాదు నుంచి తెలుగు తెలిసిన పర్యవేక్షకుడు, వేసవి సెలవుల్లో క్లినిక్‌లో ముఖాముఖి శిక్షణ, జిల్లా ఆసుపత్రిలో పెద్దల కోసం ఒక విడత, ఏడాది పొడుగునా తన భవిత కేంద్రంలోనే పిల్లలతో పని. ఈ అయిదింటినీ ఒక కోర్సుగా కలిపే అధికారం పునరావాస మండలికి ఉంది. ఆసుపత్రి విడతకు టీచర్లకు జీతంతో కూడిన సెలవు ఇవ్వవలసింది రాష్ట్ర ప్రభుత్వం. అది లేకపోతే తక్కినదంతా కాగితం మీదే ఉండిపోతుంది.

ఇది అడగడానికి అదను కూడా వచ్చింది. ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమంది ప్రాథమిక పిల్లలకూ, పై తరగతుల్లో ప్రతి పదిహేను మందికీ ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న తీర్పు చెప్పింది; ఆ దారిలోనే 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. ఆ కొలువుల్లో చేరేవారిలో కొందరైనా వాక్ చికిత్స వైపు వెళ్ళదలిస్తే, వారి ముందు ఒక మెట్టయినా ఉండాలి.

ఆ మెట్టు వచ్చేలోగా టీచరు చేయదగిన పని ఒకటి ఉంది, దానికి ఏ రిజిస్టరూ అడ్డు కాదు. పిల్లవాడికి పదిపదిహేను బొమ్మలు చూపి, వాడు అన్న మాటను అన్నట్టే తెలుగు లిపిలో రాసి, పక్కన తేదీ వేయడం. మన లిపి దాదాపుగా పలికినట్టే రాయగలిగినది కావడం ఇక్కడ గొప్ప సౌకర్యం. ‘తోట’ అన్నాడో ‘కోట’ అన్నాడో నోటుపుస్తకం తేటగా చెబుతుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, చెవి పరీక్ష ఎప్పుడు జరిగింది, తల్లికి ఎప్పుడు అనుమానం వచ్చింది అన్నవి దాని కిందనే రాసి, ఆ పుటను బిడ్డతో పాటు నెల్లూరుకు, థెరపిస్టు దగ్గరకు పంపాలి. మూడు నెలల తరువాత అవే బొమ్మలు మళ్ళీ చూపి, పక్క వరుసలో మళ్ళీ రాయాలి.